గది తనిఖీ యంత్రం: ఒక డిటెన్షన్ సెంటర్ నర్సు రివ్యూ

ఈ వస్తువు మీరెవరూ కొనుక్కునేది కాదు. అమెజాన్‌లో దొరకదు, పండగ ఆఫర్లు ఉండవు. పిల్లల డిటెన్షన్ సెంటర్లలో, అంటే నేరారోపణ ఉన్న పిల్లల్ని నిర్బంధంలో ఉంచే చోట్ల, ఒక పిల్లాణ్ణి ఒంటరిగా గదిలో పెట్టి తలుపు వేశాక, సిబ్బంది వేళకు వెళ్లి చూశారా లేదా అన్నది నమోదు చేసే చేతి యంత్రం, దాని వెనకుండే సాఫ్ట్‌వేర్. నేను అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) సెంటర్‌లో నర్సుని, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో, టెస్ట్ చేసేవాళ్లలో, సపోర్ట్‌లో ఫోనెత్తేవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఒకసారి నేను ఫోన్ చేస్తే అవతల ఎత్తింది తెలుగబ్బాయే. ఆ సంగతి తర్వాత చెప్తాను. కంపెనీ పేరు రాయను, మా కౌంటీ పేరూ రాయను. నా ఉద్యోగం నాకు కావాలి.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ప్రతి గది తలుపు పక్కన గోడకి రూపాయి బిళ్లంత లోహపు బటన్ బిగించి ఉంటుంది. డ్యూటీలో ఉన్నవాళ్ల చేతిలో మొద్దు ఫోన్ లాంటి రీడర్. తలుపు దగ్గరికెళ్లి, అద్దంలోంచి లోపలికి చూసి, రీడర్‌ని బటన్‌కి ఆనిస్తే కీచుమంటుంది. తెర మీద ఒక పట్టీ తెరుచుకుంటుంది: పడుకున్నాడు, నిలబడ్డాడు, చదువుతున్నాడు, ఏడుస్తున్నాడు, తలుపు కొడుతున్నాడు, మాట్లాడుతున్నాడు. ఒకటి నొక్కాలి. ఆ క్షణంలో టైమూ, మన పేరూ, గది నంబరూ సర్వర్‌లో పడిపోతాయి. గడువు దగ్గర పడితే సూపర్‌వైజర్ తెర మీద ఆ గది పసుపు రంగులోకి వస్తుంది, దాటితే ఎరుపు.

దీనికి ముందు తలుపుకి వేలాడే అట్టా, కాగితమూ ఉండేవి. పదకొండు, పదకొండుంపావు, పదకొండున్నర అంటూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ముత్యాల్లాంటి అంకెలు. తెల్లారేదాకా ఎనిమిది గదుల్ని అంత కచ్చితంగా పావుగంటకోసారి చూసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కూర్చుని ఒక్కసారిగా నింపిన కాగితాలవి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈ యంత్రం వచ్చాక ఆ ఆట కట్టింది. గోడ దగ్గరికి వెళ్లకుండా ఎంట్రీ పడదు, పడ్డ టైముని తర్వాత దిద్దలేం. ఇది చిన్న విషయం కాదు.

వస్తువుగా కూడా గట్టిది. సిమెంటు నేల మీద నా చేతుల్లోంచే ఎన్నోసార్లు పడింది, గీత కూడా పడలేదు. గ్లోవ్స్‌తో నొక్కినా పని చేస్తుంది, ఇది నర్సులకే అర్థమయ్యే సుఖం. ఛార్జింగ్ షిఫ్టు మొత్తానికి సరిపోతుంది. కీచు శబ్దాన్ని రాత్రిపూట ఆపి వైబ్రేషన్ మీద పెట్టొచ్చు. ఆ సెట్టింగ్‌ని మాత్రం మూడు మెనూల లోపల దాచారు, కొత్తగా చేరినవాళ్లెవరికీ కనబడదు. దాంతో తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ కీచుమని పిల్లలకి నిద్ర చెడుతుంది, నిద్ర లేని పిల్లలు పొద్దున గొడవ పడతారు, గొడవ పడితే మళ్లీ గది. డిజైన్ చేసినవాళ్లు ఒక్క రాత్రి అక్కడ పడుకుని ఉంటే ఆ బటన్ మొదటి తెర మీదే ఉండేది.

ఇంకో మంచి గుణం, తనిఖీల మధ్య విరామాన్ని తనే అటూ ఇటూ మారుస్తుంది. పది నిమిషాలకోసారి, పదమూడుకోసారి, ఎనిమిదికోసారి. సరిగ్గా పావుగంటకి వస్తారని లోపలి పిల్లాడికి తెలిస్తే ఆ పావుగంట వాడి చేతిలో ఉన్నట్టే. ఎందుకు చెప్తున్నానో పెద్దవాళ్లకి అర్థమవుతుంది. అమెరికా న్యాయశాఖ 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 1995 నుంచి 1999 వరకు ఈ దేశపు జువెనైల్ కేంద్రాల్లో జరిగిన 110 ఆత్మహత్యల్ని గుర్తించి, అందులో 79 కేసుల వివరాలు తీసి చూశారు. చనిపోయిన పిల్లల్లో సగం మంది ఆ సమయానికి గదిలో ఒంటరిగా బంధించి ఉన్నవాళ్లే. నూటికి 62 మందిని అంతకుముందు ఎప్పుడో ఒకప్పుడు అలా బంధించారు.

మాకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు తనిఖీలు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ అధ్యయనాన్నే వాడారు. నిజమే, ముఖ్యమే. కానీ అదే అంకె చదివి నాకు ముందు తోచింది వేరు. ప్రమాదం తనిఖీల మధ్య ఖాళీలో ఉందా, ఆ గదిలోనే ఉందా? ఖాళీని తగ్గించడానికి యంత్రం కొన్నారు. గదిని తగ్గించడానికి ఏం కొన్నారు?

గది ఎలా ఉంటుందో ఒక్క మాట. సిమెంటు దిమ్మ, దాని మీద పల్చటి పరుపు, స్టీలు కమోడ్‌కి అతికించిన సింకు, జానెడు వెడల్పు నిలువు అద్దం, తలుపు మధ్యలో ట్రే పట్టేంత కంత. శుభ్రంగానే ఉంటుంది. గడియారం ఉండదు.

ఇప్పుడు అసలు లోపం, టైమర్. పిల్లాణ్ణి లోపల పెట్టి తలుపు వేయగానే ఒక టైమర్ మొదలవుతుంది. మా సెంటర్ నియమం నాలుగు గంటలు. ఈ నాలుగు గంటల లెక్క చాలాచోట్ల ఉంది. పిల్లల సంక్షేమం కోసం పనిచేసే ఆనీ ఈ. కేసీ ఫౌండేషన్ వాళ్లు డిటెన్షన్ సెంటర్ల కోసం రాసిన ప్రమాణాల్లో 2014 సవరణలో వచ్చింది, కాలిఫోర్నియా దాన్నే చట్టంగా చేసి 2018 జనవరి నుంచి అమలు చేసింది. నాలుగు గంటలు దగ్గర పడితే మా యంత్రం నారింజ రంగులో మెరుస్తుంది. చాలా బాగుంది కదా? ఆ మెరుపు రాగానే తలుపు తెరుస్తారు. పిల్లాణ్ణి స్నానానికి తీసుకెళ్తారు. పది నిమిషాలకి వెనక్కి తెచ్చి తలుపు వేస్తారు. టైమర్ సున్నా నుంచి మొదలవుతుంది.

అంతే. మూడున్నర గంటలు, స్నానం. మూడున్నర గంటలు, తల్లికి ఫోన్. మూడున్నర గంటలు, నిద్ర టైము. రిపోర్ట్‌లో ఇది మూడు వేర్వేరు ఘటనలు, మూడూ పరిమితి లోపలే, మూడూ ఆకుపచ్చ. ఒక పదిహేనేళ్ల పిల్లాడు ఆ రోజు మొత్తంలో పదిన్నర గంటలు ఒంటరిగా ఉన్నాడన్న అంకె ఏ తెర మీదా ఉండదు. నేను కాగితం మీద కూడుకుంటేనే వచ్చింది.

ఇదేదో నేను కనిపెట్టిన దొంగదారి కాదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన ఫస్ట్ స్టెప్ యాక్ట్ రాసినవాళ్లకి ఇది ముందే తెలుసు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, అదుపులో ఉన్న పిల్లల్ని శిక్షగా గాని, పగతో గాని ఒంటరిగా పెట్టకూడదని ఆ చట్టం అంటుంది. తక్షణం ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉంటేనే పెట్టాలి, అదీ ముందు మాట్లాడి శాంతింపజేసే ప్రయత్నం చేశాకే. ఇతరులకి ప్రమాదమైతే గరిష్ఠం మూడు గంటలు, తనకి తనే ప్రమాదమైతే ముప్ఫై నిమిషాలు. గడువుని తప్పించుకోవడానికి ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టకూడదని కూడా స్పష్టంగా రాశారు. అయితే ఆ చట్టం వర్తించే పిల్లలు బహు కొద్దిమంది. ఈ దేశంలో నిర్బంధంలో ఉన్న పిల్లల్లో దాదాపు అందరూ రాష్ట్రాల, కౌంటీల అదుపులోనే ఉంటారు. అక్కడ ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిది.

టైమర్ సంగతి అడుగుదామనే సపోర్ట్‌కి ఫోన్ చేశాను. నా పేరు చూసి అబ్బాయి వెంటనే తెలుగులోకి దిగాడు.

“మేడం, అది బగ్ కాదండీ. తలుపు తెరిస్తే ఈవెంట్ క్లోజ్ అవుతుంది, మళ్లీ వేస్తే కొత్త ఈవెంట్. రిక్వైర్‌మెంట్‌లోనే అలా ఉంది.”

“ఎవరి రిక్వైర్‌మెంట్ బాబూ?”

“కస్టమర్‌దేనండీ. అంటే... మీదే.”

నాకు నవ్వొచ్చింది. రోజంతా కలిపి లెక్కకట్టే ఆప్షన్ పెట్టడం కష్టమా అని అడిగాను. ఒక ఫీల్డ్, ఒక కూడిక, రెండు రోజుల పని అన్నాడు. అడిగినవాళ్లు లేరట. తర్వాత కాస్త ఆగి, “లోపల ఉండేది పేషెంట్లే కదండీ? నేను హాస్పిటల్ మాడ్యూల్ అనుకున్నాను” అన్నాడు. ఇదే వస్తువుని మానసిక చికిత్స వార్డులకీ, పెద్దల జైళ్లకీ కూడా అమ్ముతారు, లోగో ఒకటే, పట్టీలు మారతాయి. కాదు, పిల్లలు, పదమూడు నుంచి పదిహేడేళ్ల దాకా అని చెప్పాను. “టికెట్ వేస్తానక్కా” అన్నాడు. వేశాడు కూడా, నంబర్ ఈమెయిల్‌లో వచ్చింది. స్టేటస్: పరిశీలనలో ఉంది.

కారణాల పట్టీ గురించి కూడా చెప్పాలి. లోపల ఎందుకు పెట్టారో నొక్కకపోతే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు, అది మంచిదే. కానీ ఉన్న కారణాలు చూడండి: భద్రత, పరిపాలన అవసరం, ఆలోచించుకునే సమయం, రూటీన్ రీసెట్, స్వచ్ఛందం. సిబ్బంది తక్కువగా ఉన్నారు అన్న కారణం లేదు. నేను చూసినంతలో రాత్రిపూట ఎక్కువసార్లు అసలు కారణం అదే. పిల్లలు మేలుకుని ఉన్నప్పుడు ఎనిమిదిమందికి ఒకరు, పడుకున్నప్పుడు పదహారుమందికి ఒకరు సిబ్బంది ఉండాలని ఫెడరల్ ప్రమాణం, 2017 అక్టోబర్ నుంచి ఉంది. ఇద్దరు సెలవు పెడితే ఆ లెక్క నిలబడదు. అప్పుడేం చేస్తారు? సాయంత్రం ఆరింటికే అందరినీ గదుల్లోకి పంపి ‘పరిపాలన అవసరం’ నొక్కుతారు. పిల్లలు ఏ తప్పూ చేయలేదు. పెద్దవాళ్లు డ్యూటీకి రాలేదు.

‘స్వచ్ఛందం’ ఇంకా చిత్రం. కొందరు పిల్లలు నిజంగానే గదిలో ఉంటామంటారు, బయట ఎవరితోనో భయం. ఆ పిల్లాణ్ణి ఎవరి నుంచి కాపాడాలో కనుక్కోవాల్సిన చోట, ఆ మాట నొక్కితే చాలు, టైమరే ఆగిపోతుంది. పరిమితి లేదు, రంగు మారదు.

నర్సుల మాడ్యూల్‌కి వస్తాను, ఇది నా సొంత బాధ. వేరుగా పెట్టిన పిల్లల్ని వైద్య సిబ్బందో మానసిక వైద్య సిబ్బందో రోజూ చూడాలని 2012లో వచ్చిన ఫెడరల్ ప్రమాణాలు చెప్తాయి. ఒళ్లు వంచి ఆడుకునే వ్యాయామం, చదువు కూడా ఆపకూడదంటాయి. మా యంత్రంలో నా పని ఒక బటన్: ‘క్లినీషియన్ సందర్శన పూర్తయింది’. తలుపు తెరిపించుకుని లోపలికెళ్లి అరగంట కూర్చున్నా అదే బటన్, ట్రే కంత దగ్గర వంగి “బాగున్నావా?” అని అడిగి రెండు సెకన్లలో వెళ్లిపోయినా అదే బటన్. తలుపు తెరిపించాలంటే ఇద్దరు సిబ్బంది రావాలి, ఉండేదే ఇద్దరు. కాబట్టి కంతే గతి. మోకాళ్ల మీద కూర్చుని కంతలోంచి ఒక పిల్లాడి కళ్లలోకి చూసి చనిపోవాలనిపిస్తోందా అని అడగడం నర్సింగ్ కాలేజీలో ఎవరూ నేర్పలేదు. పక్క గదివాడు వింటూనే ఉంటాడు. ఏ పిల్లాడు అవునంటాడు?

ఒక పిల్లాడు మాత్రం నేను వెళ్లిన ప్రతిసారీ టైమెంతయిందని అడిగేవాడు. చెప్తే నమ్మేవాడు కాదు. రీడర్ తెర చూపించమనేవాడు, అద్దానికి ఆనించి చూపించేదాన్ని. తెర మీద టైముతో పాటు వాడి గది టైమర్ కూడా కనిపిస్తుంది: ఇంకా ఎంతసేపట్లో బయటికి తీయాలో. అది చూశాక వాడు తలుపు కొట్టడం మానేశాడు. ఇది రూల్స్‌కి విరుద్ధమేమీ కాదు, అలాగని రూల్స్‌లో ఉన్నదీ కాదు. ఎంతసేపో లోపల ఉన్నవాడికి తప్ప అందరికీ చూపించే వస్తువిది. ఒక చిన్న తెరని తలుపు లోపలివైపు పెట్టడం ఈ కంపెనీకి ఎంతసేపు పని?

ఇక నాకు అన్నిటికంటే మింగుడు పడని విషయం. మాకు ఒక సూపర్‌వైజర్ ఉంది, చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి, భారీ విగ్రహం. ఎవరైనా పిల్లాడు కుర్చీ ఎత్తితే మిగతావాళ్లు గది వైపు చూస్తారు. ఈవిడ మిగతా పిల్లల్ని పక్కకి పంపించేసి నేల మీద కూర్చుంటుంది. నిజంగానే, కారిడార్‌లో సిమెంటు మీద చతికిలబడి, “నా మోకాళ్లు నొప్పి, నువ్వూ కూర్చో, పైకి చూసి మాట్లాడలేను” అంటుంది. కుర్చీ పట్టుకుని నిలబడ్డవాడు కాసేపు తిడతాడు. ఆవిడ వింటుంది. ఇరవై నిమిషాలకో, నలభైకో కుర్చీ కిందికి దిగుతుంది. చాలాసార్లు కారణం ఆ రోజు కోర్టులో జడ్జి అన్న మాటో, ఫోనెత్తని తల్లో అయ్యుంటుంది. ఆ పిల్లాడు ఆ రాత్రి భోజనం అందరితో కలిసి తింటాడు.

ఈ నలభై నిమిషాలు మా యంత్రంలో ఎక్కడ ఉంటాయి? ఎక్కడా ఉండవు. తలుపు మూసుకోలేదు కాబట్టి ఈవెంట్ లేదు. ఈవెంట్ లేదు కాబట్టి రిపోర్ట్ లేదు. ఆవిడ షిఫ్టులు డైరెక్టర్ తెర మీద ఖాళీగా కనిపిస్తాయి, పని చేయనట్టు. అదే ఇంకో షిఫ్టులో ముగ్గుర్ని లోపల పెట్టి టంచనుగా తనిఖీలు చేస్తే తెర అంతా ఆకుపచ్చ టిక్కులతో కళకళలాడుతుంది. బడ్జెట్ మీటింగ్‌లో చూపించేది ఆ తెరనే. కనిపించే పనికి డబ్బొస్తుంది. పోయిన బడ్జెట్‌లో ఇంకొన్ని రీడర్లు కొన్నారు, ఆవిడ అడిగిన అదనపు మనిషిని ఇవ్వలేదు.

మనుషుల్ని పెంచితే సరిపోతుందా, పెద్ద పిల్లలు, కొట్టుకుంటారు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అని నాతో పనిచేసేవాళ్లే అడుగుతారు. భయం నిజమే. నాకూ ఒకసారి మోచెయ్యి కమిలింది. కానీ మిస్సోరీ రాష్ట్రం ఎప్పుడో ఈ దారి పట్టింది. బూన్‌విల్‌లో ట్రైనింగ్ స్కూల్ అన్న పేరుతో పిల్లల్ని నిర్బంధించే పెద్ద కేంద్రాన్ని 1983లో మూసేసి, చిన్న చిన్న కేంద్రాలు పెట్టి, ఎప్పుడూ అవే ముఖాలుండే చిన్న గుంపుల్లో పిల్లల్ని ఉంచి, ఒంటరి గదిని అరుదైన విషయంగా మార్చేసింది. అమెరికా బాలల మానసిక వైద్యుల సంఘం 2012లోనే పిల్లల్ని ఇలా ఒంటరిగా పెట్టడాన్ని వ్యతిరేకించింది. ఐక్యరాజ్యసమితి నియమాలైతే 1990 నుంచీ నిర్బంధంలో ఉన్న పిల్లలకి ఏకాంత శిక్షని పూర్తిగా నిషేధిస్తున్నాయి. పెద్దల ఖైదీల గురించి రాసిన మండేలా నియమాలు 2015లో పదిహేను రోజులు దాటకూడదని గీత గీశాయి, పిల్లల దగ్గర మాత్రం ఆ పాత నిషేధాన్నే గుర్తుచేసి వదిలేశాయి. పిల్లల విషయంలో ఎంతసేపు అన్న చర్చే లేదు అక్కడ. మా దగ్గర మాత్రం చర్చంతా ఎంతసేపు అన్నదాని మీదే, ఎందుకంటే మేం కొన్నది టైమర్.

రేటింగ్ ఇవ్వాలి కాబట్టి ఇస్తున్నాను. వస్తువుగా అయిదుకి నాలుగు, ఆ కీచు సెట్టింగ్ దాచినందుకు ఒకటి కోత. రికార్డుగా మూడు, అబద్ధం ఆడనివ్వదు గాని నిజం మొత్తం చెప్పదు. పిల్లల్ని ఒంటరి గదుల్లోంచి బయటికి తేవడానికి కొన్న సాధనంగా చూస్తే సున్నా. అందుకని పారేయమనడం లేదు. తలుపు మూసి ఉన్నంతకాలం ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, కాగితానికి మళ్లీ వెళ్లొద్దు.

మీలో ఎవరైనా ఇలాంటి కేంద్రంలో పనిచేస్తూ దీని డెమోకి కూర్చోవాల్సి వస్తే, అమ్మకానికి వచ్చినతన్ని రంగుల తెర దగ్గర ఆపి రెండు అడగండి. ఒకే పిల్లాడు ఇరవైనాలుగు గంటల్లో మొత్తం ఎంతసేపు ఒంటరిగా ఉన్నాడో ఇప్పుడే చూపించమనండి. తలుపు మూయకుండా సర్దుబాటు చేసిన ఘటనని ఎక్కడ నమోదు చేయాలో చూపించమనండి. మొదటిదానికి ఏదో ఒక రిపోర్ట్ తవ్వి తీస్తాడు. రెండోదానికి నోట్స్ బాక్స్ ఉందంటాడు, అది నూట నలభై అక్షరాల దగ్గర ఆగిపోతుంది, నేను చూశాను.

మా ఒప్పందం రెన్యువల్ ఈ ఏడాదే. నర్సుల అభిప్రాయం అడుగుతూ ఒక ఫారం పంపారు. బ్యాటరీ, తెర వెలుగు, బరువు గురించి ప్రశ్నలున్నాయి. కింద ‘ఇతరములు’ దగ్గర పైవన్నీ ఇంగ్లిష్‌లో రాశాను, విడిగా ఒక కాగితం జోడించి. ఆ సపోర్ట్ అబ్బాయి టికెట్ నంబర్ కూడా వేశాను.